సీపీయూ మీద పిల్లి

మా ఊళ్ళో ఉప్పుకి చదువొచ్చు.
స్క్రూ తల మీద గాడి వెతుక్కుని
ముందు అక్కడే కూర్చుంటుంది.
దాని వెనకే పోర్టు నుంచి బొగ్గు ధూళి,
చెప్పులు విప్పకుండా లోపలికొచ్చే చుట్టంలా.

కురుపాం మార్కెట్ సందులో
నా డీటీపీ షాపుకి పద్దెనిమిదేళ్ళు.
ఎన్ని పెళ్ళిళ్ళు చేసిందో ఈ సీపీయూ,
ఎన్ని పెద్దకర్మలకి ఊరిని భోజనానికి పిలిచిందో!
మొన్న పక్క రేకు విప్పితే
ఫ్యాను రెక్క మీద
వేలికి అంటినంత కాటుక.

"ఇంక దీన్ని ఒగ్గీ అక్కా, ఆల్ ఇన్ వన్ కొనీ,"
అన్నాడు ఎల్లాజీ.
డబ్బా ఉండదట. అంతా తెర వెనకాలే.
గోడకి ఒక్క తీగ.
డాబాగార్డెన్స్ వెళ్ళి చూశాను.
ముఖమే గాని వీపు లేని మనిషిలా నిలబడి ఉంది.
"రేపు ర్యామ్ పెంచాలంటే?"
"అది రాదండి, అతికించేశారు," అన్నాడు కుర్రాడు.
కాలు నొప్పెడితే
మనిషినే మార్చుకోమన్నట్టు.

సాయంత్రం షాపు ముందు బల్ల మీద సభ.

ఎల్లాజీ షిప్‌యార్డు వెల్డరు,
తన ఇంటి తాళం తనే చేసుకునే రకం.
"లినక్స్ ఎవడి సొమ్మూ కాదక్కా.
రేవులో ఇసక లాంటిది,
ఎవడి వల ఆడు ఆరేసుకోవచ్చు."
జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు, విభూది పొట్లంలా.

మేనకోడలు మోక్షితది ఆపిల్ పార్టీ.
"అక్షరం అంచు చూడత్తా,
బండి ఱ నిజంగా బండెక్కినట్టు లేదూ?"
ధర అడిగాను. చెప్పింది.
ఆ డబ్బుకి పెదజాలారిపేటలో
పాత తెప్ప వస్తుంది, వలతో సహా.

విండోస్ తరఫున వాదించడానికి ఎవరూ లేరు.
దాన్ని అందరూ తిడతారు,
అందరిళ్ళలోనూ అదే ఉంటుంది.
ముహూర్తం ముందురోజే
అప్‌డేట్ అంటూ తలుపేసుకుంటుంది.
చివరికి నేనే నోరు విప్పాను:
"నా అక్షరాలన్నీ దాన్లోనే ఉన్నాయర్రా."

నా పాత ఫాంటు పరాయి నీళ్ళలో బతకదు.
చూద్దామని ఎల్లాజీ పెన్‌డ్రైవ్ గుచ్చి
ముసలి యంత్రాన్ని తన పద్ధతిలో లేపాడు.
ఏదో ఒకటని రెండువేల తొమ్మిది ఫైలు తెరిచాం.
శ్రీరస్తు ఉండాల్సిన చోట
డాలర్లు, కామాలు, నెత్తిన చుక్కలు.
పెళ్ళికూతురు ఒక శాతం గుర్తు.
పెళ్ళికొడుకు సగం విరిగిన బ్రాకెట్టు.
అవిఘ్నమస్తు దగ్గర అసలేమీ లేదు, ఖాళీ.
మోక్షిత పగలబడి నవ్వింది.
ఎల్లాజీ నవ్వలేదు.
అది వాడి శుభలేఖ.

ఈలోగా గరికిన పోలయ్య,
బోటు డీజిలు అర్జీ పట్టుకుని:
"బేగి కొట్టమ్మా, ఆఫీసు కట్టేత్తారు."
"ఏ సిస్టం మంచిదో తేల్చుకుంటన్నాం మావా."
"ఏటైతే ఏటి? అచ్చు పడతాది గదా!"
పెన్‌డ్రైవ్ పీకి, మళ్ళీ పాత కిటికీ తెరిచి
నాలుగు నిమిషాలు ఎదురుచూసి
అర్జీ కొట్టాను.

కొన్నాను. ఇరవైనాలుగు అంగుళాలు, విండోస్,
పన్నెండు వాయిదాలు.
ఎల్లాజీ ఊరుకోక
లినక్స్‌ని పక్కగదిలో అద్దెకి దింపాడు.
స్విచ్ వేస్తే
ఎవరు కావాలని అడుగుతుంది,
పది సెకన్లు ఆగుతుంది.
నేనేమీ నొక్కను.

బల్ల కింద పాత సీపీయూ, కరెంటు లేకుండా.
దాని వెచ్చటి నెత్తి మీద
ఆరేళ్ళు నిద్రపోయిన చారల పిల్లి
రోజూ వస్తుంది,
పాదంతో తట్టి చూస్తుంది, చల్లగా ఉంటుంది,
నా వంక చూస్తుంది.
తెర వెనక్కి వెళ్ళి
అక్కడా చోటు లేదని తిరిగొస్తుంది.

నిన్న మళ్ళీ ప్లగ్గు పెట్టాను.
పాత ఫైళ్ళు ఒక్కొక్కటీ చూసుకుంటూ
కొత్త అక్షరాల్లో కొట్టుకోవాలి,
మొదటిది నీ శుభలేఖే
అని ఎల్లాజీకి ఫోన్ చేసి చెప్పాను.
పిల్లి సంగతి చెప్పలేదు.